ఎడమ కంటి పైన సుడి

లాయాల్లో నాకు ఎర్రపెన్ను అని పేరు. నా మొహం మీద ఎవరూ అనరు గానీ, నేను వరండాలోకి రాగానే "వచ్చిందిరా ఎర్రపెన్ను" అని గుసగుసలాడుకోవడం చాలాసార్లు చెవిన పడింది. నాకేం కోపం లేదు. గుర్రాల రిజిస్ట్రేషన్ ఆఫీసులో పదహారేళ్లుగా పనిచేస్తున్నాను. తప్పులతడక దరఖాస్తు ఏదీ నా బల్ల దాటదు. మా ఆయన రాసిన సరుకుల చీటీలో కూడా దీర్ఘాలు దిద్దుతాను. ఇన్నేళ్లలో నా చేత్తో రాసిన కాగితం ఒక్కటి కూడా దిద్దుబాటుకు తిరిగి రాలేదు. ఆ ముక్క అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ చెబుతూ ఉండేదాన్ని. వచ్చే నెలలో ఖాళీ అయ్యే సెక్షన్ హెడ్డు కుర్చీ నాదేనని ఆఫీసంతా అనుకుంటున్న రోజులవి.

ఓ మధ్యాహ్నం మూడింటికి బాబాయి నా కౌంటరు దగ్గరికి వచ్చాడు. బాబాయంటే నాకు చుట్టమేమీ కాదు. మా ఆఫీసు వెనక లాయంలో ముప్పై ఏళ్లుగా గుర్రాలకు మేత పెట్టి, ఒళ్లు రుద్ది, డెక్కలు శుభ్రం చేసే మనిషి. జాకీల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందరికీ ఆయన బాబాయే. చేతిలో ప్లాస్టిక్ కవరుంది. అందులో ఒక గుర్రం పాస్‌పోర్టు, యజమాని పేరు మార్చే ఫారం ఉన్నాయి.

గుర్రానికి పాస్‌పోర్టంటే బయటివాళ్లు నవ్వుతారు. మన పాస్‌పోర్టులో ఫోటో ఉంటుంది, దాని పాస్‌పోర్టులో బొమ్మ ఉంటుంది. ఒంటి మీద ఎక్కడ తెల్లమచ్చ ఉందో, ఎక్కడ వెంట్రుకలు సుడి తిరిగాయో డాక్టరు ఆ బొమ్మ మీద గీస్తాడు. దాన్ని చూసి మా గుమాస్తాలు పక్కన మాటల్లో రాస్తారు.

ఈ ఆడగుర్రం పేరు కాగితం మీద మెరుపుతీగ. ఒకప్పుడు వరసగా ఆరు రేసులు గెలిచింది. లాయంలో మాత్రం అందరూ దాన్ని మొద్దు అంటారు. రేసు లేని పూట నిలబడే కునుకు తీసేదట. పక్కన బకెట్టు పడినా చెవి కదిపేది కాదట. పరుగులు మానేశాక బెదురు గుర్రాల పక్కన దీన్ని కట్టేసేవాళ్లు. దీని నిద్ర చూసి అవి కూడా కుదురుకునేవి.

ఇప్పుడు లాయం యజమాని వ్యాపారం చాలించుకున్నాడు. తన పేరున ఉన్న గుర్రాలన్నిటినీ గంపగుత్తగా ఒక బేరగాడికి రాసిచ్చేశాడు. మర్నాడు పొద్దున్నే లారీలు వస్తాయి. మొద్దును మాత్రం బాబాయికి ఇచ్చేస్తానని ఫారం మీద సంతకం పెట్టాడు. బాబాయి తన కూతురి ఇంటి వెనక దాని కోసం షెడ్డు కూడా వేయించాడు. అయితే ఆ సాయంత్రం ఐదింటిలోపు పాస్‌పోర్టు బాబాయి పేరు మీదికి మారాలి. మారకపోతే మొద్దు కూడా లారీ ఎక్కాల్సిందే. పరుగెత్తలేని ముసలి గుర్రాన్ని ఆ బేరగాడు ఏం చేస్తాడో లాయంలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఫారం తీసి చదివాను. సంతకాలు సరిగ్గానే ఉన్నాయి. పొద్దున డాక్టరు గుర్రాన్ని చూసి ఇచ్చిన చీటీ జతచేసి ఉంది. దాన్ని పాస్‌పోర్టు పక్కన పెట్టి ఒక్కో మాటా సరిచూశాను. ఒంటి మీద తెల్లమచ్చ ఒక్కటీ లేదు, సరే. నుదుటి మధ్యలో ఒక సుడి, సరే. రెండో సుడి దగ్గర ఆగిపోయాను. చీటీలో 'ఎడమ కంటి పైన' అని ఉంది. పాస్‌పోర్టులో 'కుడి కంటి పైన' అని ఉంది.

"కుదరదు బాబాయ్. ఇది ఆ గుర్రం కాదు," అన్నాను.

"అదే మేడం. అది పుట్టిన రోజు నుంచి నా చేతుల్లోనే ఉంది."

"మీ చేతుల్లో ఉంటే సరిపోదు, కాగితంలో ఉండాలి. గుర్తు కోసం మెడలో పెట్టే చిప్పు కూడా దీనికి లేదాయె. అది పుట్టేనాటికి మాకు చిప్పులు లేవు. ఒంటి మీద మచ్చా లేదు. సుడులు కూడా కలవకపోతే దేన్ని చూసి ముద్ర వెయ్యమంటారు?"

బాబాయి ఏదో చెప్పబోయాడు. వెనక వరసలో ఉన్న ఇద్దరు ట్రైనర్లను చూశాడు. నా వెనక అద్దాల గదిలో కూర్చున్న సూపరింటెండెంటు గారిని చూశాడు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

"ఒక్కసారి మీరే వచ్చి దాన్ని చూడండి మేడం. రెండే నిమిషాలు," అన్నాడు.

విసుక్కుంటూనే లేచాను. గుర్రం ఆఫీసు వెనక ఆవరణలో గోడకి కట్టేసి ఉంది. మొద్దు పేరు నిలబెట్టుకుంటూ నిద్రపోతోంది. నేను ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. నుదుటి మధ్యలో ఒక సుడి, నా కుడిచేతి వైపు కంటి పైన ఇంకోటి.

"ఇదిగో, కుడేగా. డాక్టరే తప్పు రాశాడన్నమాట," అన్నాను.

"మీకు కుడి మేడం. దానికి ఎడమ," అన్నాడు బాబాయి మెల్లగా. పాస్‌పోర్టులో బొమ్మ ఉన్న పేజీ తెరిచి పట్టుకున్నాడు. బొమ్మలో గుర్రం మొహం మన వైపే ఉంటుంది. గుర్తు ఉండాల్సిన చోటే ఉంది. రేసు రోజుల్లో గేటు దగ్గరివాళ్లు ఆ బొమ్మనే చూసి లోపలికి వదిలేవాళ్లు. మాటలు చదివే తీరిక వాళ్లకెక్కడిది? తప్పంతా పక్కనున్న మాటల్లో ఉంది. ఎవరో గుమాస్తా బొమ్మని ఎదురుగా పెట్టుకుని తన కుడిని గుర్రానికి అంటగట్టేశాడు.

నాకు ఒళ్లు మండింది. "ఎవరండీ ఈ మహానుభావుడు? ఎడమకీ కుడికీ తేడా తెలియనివాడికి పెన్నెవరిచ్చారు?"

బాబాయి పాస్‌పోర్టు నా చేతికిచ్చి, వంగి బకెట్టు సర్దుతున్నట్టు నటించాడు. అప్పుడు చూశాను. 'కుడి'లో డకారం. కింద కొస చిన్న ముడి వేసి పైకి లాగి ఉంది. ప్రపంచంలో డకారం అలా రాసే మనిషిని నేనొక్కదాన్నే. చిన్నప్పుడు దానికి బహుమతి కూడా వచ్చింది.

పేజీని కంటికి దగ్గరగా పెట్టుకుని మళ్లీ చూశాను.

"మీకు తెలుసా?" అన్నాను చివరికి.

"పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజే చూశాను."

"మరి చెప్పలేదేం?"

"మీరు చేరి అప్పటికి వారం కూడా కాలేదు. అప్పటి పెద్దసారు చండశాసనుడు కదా. అంతకు ముందు నెలే ఒక్క తప్పుకి ఒకాయన్ని ఇంటికి పంపేశాడు. బొమ్మ సరిగ్గానే ఉంది, గుర్రానికేం ఇబ్బంది లేదు, ఎందుకులే అనుకున్నాను."

"ఇందాక కౌంటరు దగ్గరైనా చెప్పొచ్చుగా. మీ గుర్రం పోతుంటే."

"నలుగురూ ఉన్నారు కదమ్మా," అన్నాడు.

పదహారేళ్లు నేను ఈ మనిషి ముందే నా తప్పులేని చేతిరాత గురించి డప్పు కొట్టుకున్నాను. ఆయన ఒక్కసారి కూడా నవ్వలేదు. ప్రాణంగా పెంచిన గుర్రం లారీ ఎక్కబోతుంటే కూడా, నలుగురిలో నాకు తలవంపులు తేకుండా నన్ను పెరట్లోకి పిలిచి చెప్పాడు. అంత మర్యాద నేనెక్కడా చూడలేదు. నాకైతే లేదు. సిగ్గుతో పాటు, ఆయనకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

సూపరింటెండెంటు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అప్పటి డాక్టరు పొరపాటని రాసెయ్యమ్మా. ఆ బొమ్మ గీసినాయన పోయి ఆరేళ్లయింది, వచ్చి కాదంటాడా? మళ్లీ పరీక్ష చేయిద్దాం. ఎనిమిది రోజుల్లో అయిపోతుంది."

"లారీ రేపు పొద్దున్నే వస్తుంది సార్."

"గుమాస్తా పొరపాటైతే ఇవాళే దిద్దొచ్చు. కాకపోతే ఆ పొరపాటు చేసినవాళ్లే దిద్ది, పేరు రాసి సంతకం పెట్టాలి. అది నీ సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుంది. వచ్చే నెల సంగతి కూడా ఆలోచించుకో."

ఆలోచించాను. అబద్ధమెందుకు, గడియారం ముల్లు పది నిమిషాలు తిరిగేదాకా ఆలోచించాను. ఆ కుర్చీ అంటే నాకు చాలా ఇష్టం. కిటికీ పక్కన ఉంటుంది, చేతులున్న కుర్చీ. అద్దంలోంచి చూస్తే బాబాయి వరండాలో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి తొంగి చూడటం లేదు. నాకు తొందర కలగకూడదని కాబోలు, వీపు ఇటు తిప్పి నిలబడ్డాడు.

ఎర్రపెన్ను తీశాను. 'కుడి' కొట్టేసి 'ఎడమ' అని రాశాను. కింద నా పేరు, నా సంతకం, 'నేను రాయడంలో చేసిన పొరపాటు' అన్న మాట. కొత్త యజమాని గడిలో బాబాయి పేరు రాసి ముద్ర వేసేసరికి ఐదుకి పావుగంట తక్కువ.

ఆ కుర్చీలో ఇప్పుడు నా పక్క బల్లావిడ కూర్చుంటోంది. మొదట్లో కడుపు మండింది. ఇప్పుడు వారానికోసారి మాత్రమే మండుతోంది.

ఆ సాయంత్రం పాస్‌పోర్టు నేనే పెరట్లోకి తీసుకెళ్లి ఇచ్చాను. బాబాయి తన పేరున్న పేజీని రెండుసార్లు చూసుకుని, కవర్లో పెట్టి, కవరును చొక్కా లోపల దాచుకున్నాడు. మొద్దు నుదుటి మీద చెయ్యి వేశాడు.

"రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లంటారు మేడం. మొదటి అత్తారింట్లో పరుగులు పెట్టించారు. ఈ రెండో ఇంట్లో పడుకుంటుంది," అన్నాడు. తర్వాత కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "ఒక మాట. ఎదురుగా నిలబడి చూసేవాళ్లకి అది కుడి పక్కే కదా. మీరు రాసింది మరీ అంత తప్పేం కాదు."

నాకు కోపమూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"తప్పే బాబాయ్. పదహారేళ్లు దాచారు, చాలు. ఇంత కష్టపడి ఇవాళ ఒప్పుకున్నాను. మీరు మళ్లీ దాన్ని ఒప్పు చెయ్యకండి."

ఆయన మొదటిసారి గట్టిగా నవ్వాడు. మొద్దు చెవి కూడా కదపలేదు.