తల్లి దిష్టి

మాడుగులపల్లి కూలిమనిషి జానమ్మ కూతురు సైదమ్మకు ఎనిమిదేళ్లు. కుదురన్నది ఆ పిల్ల ఒంట్లోనే లేదు. నీళ్లకు పంపితే బిందె దారిలో దించి మేకపిల్ల వెంట పోతుంది. బడిలో ఒక్క లెక్క పూర్తి చేసిన పాపాన పోలేదు. దసరా దాకా చూస్తాను, అప్పటికీ కూర్చోకపోతే పేరు కొట్టేస్తానని పెద్దసారు చెప్పేశాడు. పేరు పోతే ఇక నాట్లకూ కలుపులకూ పోవడమే. ఆ బతుకు తనకు తెలుసు కనుక జానమ్మకు భయం పట్టుకుంది.

అది తొంభై నాలుగో సంవత్సరం. మిర్యాలగూడలో సుమిత్ర అనే డాక్టరమ్మ ఇలాంటి పిల్లల తల్లులను ఆదివారాలు కూర్చోబెట్టి మాట్లాడుతోందని విని జానమ్మ బస్సెక్కింది. పిల్లకు మందిస్తుందనుకుంటే ఆమె జానమ్మకే పాఠం మొదలుపెట్టింది. ఒక్కసారికి ఒక్క పనే చెప్పాలట, కళ్లలోకి చూసి చెప్పాలట, పని కాగానే ముఖం మీదే మెచ్చుకోవాలట. మొదటి రెండూ సరే, మూడోదే మింగుడు పడలేదు. కన్నతల్లి ఎదురుగా పొగిడితే అంతకు మించిన దిష్టి ఉందా? నరుడి చూపుకు నల్లరాయే పగులుతుందన్నారు, పసిపిల్ల ఎంత?

జానమ్మ తెలివైందే. డాక్టరమ్మ మాటా, పెద్దల మాటా రెండూ నిలబెట్టింది. పని కాగానే మెచ్చుకునేది, ఆ వెంటనే పిల్లను గడపలో నిలబెట్టి ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. ఆ ఘాటుకు పిల్ల కళ్లు నులుముకుంటూ దగ్గేది.

మొదటి వారం బాగానే సాగింది. తరువాత వింత మొదలైంది. సైదమ్మ బిందెను గడప దాకా మోసుకొచ్చి, లోపల పెట్టకుండా వదిలి పరుగెత్తేది. వాకిలంతా ఊడ్చి చివరి మూల విడిచిపెట్టేది. జానమ్మ బుర్ర తిరిగిపోయింది. ఇంత చేసిన పిల్లకు ఆ కాస్తా ఎందుకు చేతకాదు? డాక్టరమ్మ పాఠం తప్పా, తన పెంపకం తప్పా?

దసరా నాలుగు రోజులుందనగా జానమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని అడిగింది.

"అంత ఊడ్చినవ్, గా మూల ఎందుకిడిసినవే?"

"అంత ఊడిస్తే మంచిగ చేసినవ్ అంటవ్. ఇగ మిరపకాయలు తెస్తవ్. నన్ను మెచ్చుకోకే అమ్మా."

జానమ్మకు సంగతి అర్థమైంది. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. మెచ్చుకోకపోతే బడి పోతుంది. దిష్టి తీయక రేపు జ్వరమొస్తే ఎవరినడగాలి? ఎటూ తేలలేదు. తేలకుండానే నోరు విప్పింది.

"ఇగ మిరపకాయలు తిప్పనే. గా మూల గూడ ఊడువ్ బిడ్డా."

సైదమ్మ తల్లి చేతుల వంకే చూస్తూ ఊడ్చింది.

"మంచిగ చేసినవ్," అంది జానమ్మ.

పిల్ల పారిపోలేదు. దగ్గరికొచ్చి, ఇంకోసారి అనమంది. దిష్టి భయం పోకపోయినా జానమ్మ ఆ మాట మళ్లీ అంది.