టిక్కుమనని ఇంజిన్

ఆమెకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే: పాప ఏడుస్తుంటే ఏదో ఒకరోజు తనకు వినపడదేమోనని.

చెవులు బాగానే ఉన్నాయి. కాన్పుకు ముందు చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చునే మనిషి. ఇప్పుడు ఏ చప్పుడైనా గుమ్మందాకా వచ్చి అక్కడే ఆగిపోతోంది. పాలివ్వడం, గుడ్డలు మార్చడం, దుకాణంవాళ్ళ చొక్కాలకు కాజాలు కుట్టడం, అన్నీ చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. ఇంటికొచ్చినవాళ్ళు ఊయలలోకి తొంగిచూసి, "అచ్చం నాన్న ముక్కే" అని వెళ్ళిపోతారు. కోడలి సంగతి అడిగితే అత్తగారిది ఒకటే మాట. "నోట్లో నాలుక లేదమ్మా. కిమ్మనదు."

మొన్న ఆమె వాకిట్లో మోటార్‌సైకిల్ బండి దగ్గరుండగా పాప గుక్కపట్టింది. అత్తగారు తడితలతో స్నానాలగదిలోంచి పరుగెత్తుకొచ్చింది. "చెవుల్లో దూదిగాని పెట్టుకున్నావా?"

"ఇంజిన్ చప్పుడులో వినపడలేదత్తయ్యా."

అత్తగారు నమ్మింది. ఆ బండి కొన్నాళ్ళుగా టకటకమని వీధంతా లేపుతోంది మరి. కానీ అప్పటికే ఇంజిన్ ఆగిపోయి ఉంది. తాళంచెవి ఆమె గుప్పిట్లోనే ఉంది.

ఆ చప్పుడొకటి పోతే అంతా సర్దుకుంటుందనుకుంది. లారీ మీదున్న భర్తకు ఫోన్ చేసింది.

"టాపెట్లు లూజయ్యాయి, ఇంజిన్ తలలో వాల్వుల్ని నొక్కేవి. మెకానిక్‌కి ఇవ్వు."

"పాపనేసుకుని అక్కడెంతసేపని కూర్చోను? నేనే చేస్తా. మీరు చేస్తుంటే టార్చి పట్టానుగా."

"టార్చి పట్టినోళ్ళంతా మెకానిక్కులైతే మా క్లీనర్‌కి ఈపాటికి సొంత షెడ్డుండేది." నవ్వి, ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే ముట్టుకో. సందులో కొలత రేకు బిగువుగా జారాలి, అంతే."

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టింది. అత్తగారు గడపలో కూర్చుని, "విప్పు తల్లీ, విప్పు. రేపు వాడి లారీ కూడా తెప్పిస్తా" అంది.

ఇంజిన్ తలమీది రెండు గుండ్రటి మూతలు తీసింది. స్పానర్ జారి వేలి కణుపు చీరుకుపోయింది. నొప్పి తెలియలేదు. ఎవరి చెయ్యో చూసినట్టు చూసి, రక్తం గుడ్డకు తుడిచి మళ్ళీ పట్టుకుంది. పక్కనున్న కన్నంలో వాల్వులు మూసుకున్న గుర్తు కనపడేదాకా ఇంజిన్ను తిప్పింది. ఒక్కో మూత కింద చిన్న స్క్రూ, దాని అడుగున కాగితమంత సందు. కొలత రేకు ఆ సందులో పెట్టి చూసింది. వదులుగా జారింది.

సందుంది కాబట్టే చప్పుడనుకుంది. రేకు పక్కన పెట్టేసి, రెండు స్క్రూలూ ఇక తిరగనంతవరకూ బిగించి, నట్లు వేసేసింది.

కిక్కు కొడితే బండి లేచింది. చప్పుడే లేదు.

"అబ్బో! పిల్లి నడిచినట్టుందే!" అంది అత్తగారు. పాపను గుమ్మంలోని ఊయలలో పడుకోబెట్టి, బట్టలుతకడానికి పెరట్లోకి వెళ్ళింది.

కాస్త వేడెక్కగానే ఇంజిన్ దగ్గి ఆగిపోయింది. మళ్ళీ కిక్కు కొడితే కాలికింద బిగువే లేదు. ఆమె ఫోన్ తీసింది.

"ఆగేముందు ఎలా మోగింది?"

"మోగలేదండీ. అసలు చప్పుడే రాలేదు."

"సందు మొత్తం మూసేశావా?"

"ఊఁ."

"అయ్యో పిచ్చిదానా! కొంచెం టిక్కుమంటూ ఉండాలే. మోగేదాన్ని మనం చూసుకుంటాం. మోగనిదాంతోనే భయం. వేడెక్కితే వాల్వు మూసుకోదు. పైకి తెలీకుండా లోపల్లోపలే కాలిపోద్ది." ఆగాడు. "ముందు పాపని చూడు. అంతలా ఏడుస్తోందిగా?"

ఆమె తిరిగి చూసింది. రెండడుగుల దూరంలో ఊయల ఊగిపోతోంది. పాప ముఖం కందగడ్డయింది. ఎక్కడో రోడ్డుమీద, లారీల హారన్ల మధ్య, అతనికి వినపడింది.

పాపను ఎత్తుకుని భుజాన వేసుకుంది. ఫోన్లో కాజాల ధర చెప్పినంత మామూలుగా అంది: "నాకు వినపడలేదండీ. మొన్న కూడా ఇంజిన్ ఆపే ఉంది."

"అమ్మకివ్వు ఫోను. లోడు దింపి నేరుగా ఇంటికే వస్తా."

అత్తగారు సబ్బుచేతులతోనే ఫోన్ పట్టుకుని విన్నది. "ఊఁ" అంది. మళ్ళీ "ఊఁ" అంది. వచ్చి బండి పక్కన నేలమీదే చతికిలబడింది.

"ఎప్పట్నుంచే?"

"పుట్టినప్పట్నుంచీ."

"నాకు చెప్పొద్దటే?"

"ఏమని చెప్పను అత్తయ్యా?"

అత్తగారు చేతులు కొంగుకు తుడుచుకుంది. పాపను అందుకుంది. "రేపు డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. దీనికి కాదు, నీకు. పొద్దున్నేమన్నా తిన్నావా?"

ఎంత ఆలోచించినా ఆమెకు గుర్తు రాలేదు.

ఇంజిన్ చల్లారాక మళ్ళీ మూతలు తీసింది. ఈసారి రేకు పెట్టే బిగించింది. లాగితే కాస్త పట్టుకుని జారింది. స్టార్ట్ చేసింది. టిక్, టిక్. సంతోషమేమీ కలగలేదు. కానీ అత్తగారు తెచ్చిన కంచం ఒళ్ళో పెట్టుకుని, అన్నం అయిపోయేదాకా ఆ చప్పుడు వింటూ కూర్చుంది.

మీకు తెలిసిన ఇంట్లో ఈమధ్య కాన్పయి ఉంటే, ఒకసారి వెళ్ళండి. ఊయలలోకి చూశాక ఆ తల్లివైపు కూడా చూడండి. ఆమె కిమ్మనకుండా ఉంటే మాత్రం లేచి వచ్చెయ్యకండి, ఇంకాసేపు కూర్చోండి.