పునాది గోతిలో ఎముక

పరాయి దేశం వచ్చిన పదకొండేళ్లకు, ఏడు అద్దె ఇళ్లు మారాక, ఊరి చివర రోడ్డు ఆగిపోయే చోట వాళ్లు స్థలం కొన్నారు. ఇంట్లో ఉండేది ముగ్గురు. కొడుకు టౌన్ బస్సు నడుపుతాడు. కోడలు ఒక ల్యాబులో కట్టుడు పళ్లు తయారుచేస్తుంది. అత్తగారికి ఆ దేశపు భాషలో వచ్చినవి మూడే ముక్కలు. వాటితోనే ఆవిడ కూరగాయల దుకాణం మొదలుకొని ఆసుపత్రి దాకా నెట్టుకొచ్చేది.

పునాది తవ్వకం శుక్రవారం పొద్దున మొదలైంది. కొడుకూ కోడలూ సెలవు పెట్టి వచ్చారు. మట్టి తవ్వే యంత్రం నడిపేవాడు చురుకైన మనిషి, పదింటికల్లా రెండు వైపులు తవ్వేశాడు. మూడో వైపు నడుం లోతు దిగాక ఉన్నట్టుండి ఇంజను ఆపాడు. కిందికి దిగి, గోతిలోకి వంగి చూసి, నెత్తిమీది టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

ఆ టోపీ తీయడం చూడగానే కొడుకు గోతి దగ్గరికి పరుగెత్తాడు. గోతి గోడలోంచి మూరెడు పొడవు ఎముక బయటికి పొడుచుకొచ్చి ఉంది.

"ఫోన్ చెయ్యాలి సార్," అన్నాడు యంత్రం అతను. "ఇక్కడ రూలు అంతే. ఎముక కనిపిస్తే పని ఆపాలి. దాచిపెడితే నా లైసెన్సు పోతుంది."

"చెయ్యండి. మీ పొట్ట మీద ఎందుకు కొడతాం," అన్నాడు కొడుకు, ఈ మనిషికి చూపు కాస్త మందంగా ఉంటే ఎంత బాగుండేదో అని లోపల అనుకుంటూనే.

గంటలో ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. నాలుగు మేకులు పాతి చుట్టూ పచ్చ రిబ్బను కట్టారు. మంగళవారం ఎముకల నిపుణురాలు వచ్చి చూస్తుందని, మనిషి ఎముకలైతే అది పాత శ్మశానం కావచ్చని, అలాంటి చోట ఇల్లు కట్టనివ్వరని చెప్పారు. చాలా మర్యాదగా చెప్పారు. ఆ మర్యాదే ఎక్కువ భయపెట్టింది.

కోడలు అప్పటికే మట్టికుప్ప దగ్గర గొంతుక్కూర్చుని ఒక పన్ను చూస్తోంది. వేలెడు పొడవుంది. పైభాగం నలుచదరంగా, మడతలు మడతలుగా ఉంది.

"ఇది మనిషి పన్ను కాదు సార్," అంది. "తొమ్మిదేళ్లుగా పళ్లే చేస్తున్నాను. ఇది గడ్డి నమిలే జంతువుది."

"మీరన్నది నిజమే కావచ్చు. కానీ కాగితం మీద మీ సంతకం చెల్లదు కదమ్మా. పైగా జంతువు పక్కన మనిషి ఉండకూడదనేం లేదు," అన్నాడు పెద్ద ఆఫీసరు.

ఇంటికి వెళ్లి సంగతి చెప్పగానే అత్తగారు చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టేసింది.

"శ్మశానంలో పొయ్యి వెలిగించమంటారా నన్ను?"

"శ్మశానం కాదు అత్తయ్యా. ఆ పన్ను నేను చూశానుగా."

"నువ్వు చేసేవి కట్టుడు పళ్లు. అసలు పళ్ల సంగతి నీకేం తెలుసు?"

"అసలు తెలియకుండా కట్టుడువి ఎలా చేస్తాను?"

అత్తగారు గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకుంది. "అయినా సరే," అంది.

ఆ తర్వాతి మూడు రోజులూ ఎలాగోలా గడిచాయి. కొడుకు ఊరికే జోకులు వేసి తనే నవ్వాడు, కంచంలో అన్నం మాత్రం కెలికి వదిలేశాడు. రోజూ ఒకసారి ముగ్గురూ వెళ్లి రిబ్బను అవతల నిలబడి వచ్చేవాళ్లు. పక్క స్థలంలో పాత ఇల్లొకటి ఉంది. అందులో ఒంటరిగా ఉండే ముసలాయన ఎప్పుడు చూసినా కిటికీ దగ్గరే ఉన్నాడు. నమస్కారం పెడితే తల పక్కకు తిప్పుకున్నాడు. మనం ఇక్కడికి రావడం ఈయనకు గిట్టలేదు కాబోలు అనుకున్నారు.

మంగళవారం ముగ్గురూ అక్కడ ఉండగానే నిపుణురాలు వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని, చిన్న బ్రష్షుతో మట్టి తుడుస్తూ మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు. పక్కటెముకలు ఒక్కొక్కటే పడవ చట్రంలా తేలాయి. చివరికి లేచి మోకాళ్లు దులుపుకుంది.

"గుర్రం. ఒక్క గుర్రమే. కింద గానీ పక్కన గానీ ఇంకేం లేదు."

కొడుకు ఉన్నచోటనే మట్టిలో చతికిలబడ్డాడు.

"కానీ దీన్ని ఎవరో ప్రేమగా పాతిపెట్టారు," అందావిడ. "కాళ్లు మడిచి, తల కింద చదును రాయి పెట్టి పడుకోబెట్టారు. మెడలో ఇదుంది." ఆవిడ అరచేతిలో మట్టిపట్టిన ఇత్తడి గంట ఉంది.

పక్కింటి గేటు చప్పుడైంది. ముసలాయన మెల్లగా నడిచి వచ్చి, అడక్కుండానే ఆ గంట తీసుకుని బొటనవేలితో రుద్దాడు.

"మాదే," అన్నాడు. "ఈ పొలమంతా ఒకప్పుడు మా నాన్నది. నాకు ఏడేళ్లప్పుడు, బడి నుంచి వచ్చేసరికి గుర్రం లేదు. అమ్మేశానన్నాడు. ఎవరికి అమ్మావని ఆయన పోయేదాకా అడిగాను. చెప్పలేదు. శుక్రవారం మీ గోతిలో ఎముక అనగానే నాకు అనుమానం వచ్చింది. వచ్చి అడగడానికి ధైర్యం చాల్లేదు. అది మా గుర్రం కాకపోతే ఎలా అని." గంటను గుప్పిట్లో మూసి, "అమ్మలేదన్నమాట," అన్నాడు.

కోడలు ఇదంతా అత్తగారికి తెలుగులో చెప్పింది.

"చచ్చిపోయిందని పసివాడితో చెప్పలేక అబద్ధమాడాడా ఆ తండ్రి?"

"అంతే అత్తయ్యా."

అత్తగారు ముసలాయన దగ్గరికి వెళ్లి, తనకొచ్చిన మూడు ముక్కలూ ఇక్కడ పనికిరావని తెలిసి, "మీ నాన్న మంచివాడు అన్నయ్యా," అంది తెలుగులోనే. ఆయనకు ఏం అర్థమైందో గానీ తల ఊపాడు. కళ్లు తుడుచుకున్నాడు.

నిపుణురాలు కాగితం మీద సంతకం పెట్టింది. ఎముకలు తన పెరట్లో పాతిపెట్టుకుంటానని ముసలాయన అడిగితే సరేనంది. యంత్రం అతను ఆ గొయ్యి కూడా తనే తవ్విపెట్టాడు. సాయంత్రానికి రిబ్బను తీసేశారు.

గురువారం కాంక్రీటు లారీలు వచ్చాయి. మధ్యాహ్నానికి నాలుగు వైపులా పునాది నిండింది. కొడుకూ కోడలూ ఒక చెక్క మీద కూర్చుని డబ్బాల్లో అన్నం తింటున్నారు. కొడుకు డబ్బా అడుగు దాకా ఊడ్చాడు.

"నీకొక మాట చెప్పాలి," అన్నాడు. "మొన్నటిదాకా బస్సు ఆఖరి స్టాపులో ఆగినప్పుడల్లా ఫోన్లో అద్దె ఇళ్లు వెతికాను. మీ ఇద్దరికీ చెప్పలేదు."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"నేనూ వెతికానుగా. ఒక ఇంటావిడకు ఫోన్ చేసి మనం ఎవరమో చెప్తే, ఇప్పుడే మీ ఆయన చేశాడమ్మా అంది."

అతను పొలమారేదాకా నవ్వాడు. కోడలు వీపు మీద తట్టి నీళ్లిచ్చింది.

అవతల అత్తగారు ఆరని కాంక్రీటు అంచున నిలబడి వంటింటి కిటికీ ఎంత పెద్దదిగా ఉండాలో మేస్త్రికి రెండు చేతులూ చాచి చూపిస్తోంది. మేస్త్రి ప్లాను కాగితం విప్పి అందులో ఉన్న కొలత మీద వేలు పెట్టాడు. ఆవిడ ఆ కాగితాన్ని ఓపిగ్గా మడిచి అతని జేబులో పెట్టేసి, మళ్లీ చేతులు చాచింది.