నోట్లో పిల్లలున్న తండ్రి

మా మనవరాలు గాజు తొట్టిలో ఉప్పునీటి చేపలను పెంచుతుంది. వాటిలో మగచేప గుడ్లను నోట్లో దాచుకుని, పిల్లలై బయటికి వచ్చేదాకా మేత ముట్టదు. కిందటిసారి దాని ఎండిన డొక్క చూడలేక నేనే చాటుగా మేత వేశాను. మేతతోపాటు గుడ్లనూ మింగేసింది. మనవరాలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఈసారి చేప గుడ్లు నోట్లో పెట్టుకున్న ఇరవై మూడో రోజున, మనవరాలు ఆఫీసుకు వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"అమ్మమ్మా, నీ జాలి నీ దగ్గరే ఉంచుకో."

"పోవే, మేత డబ్బా ముట్టుకుంటే ఒట్టు!"

మధ్యాహ్నం ఆ చేప అద్దం దగ్గరికొచ్చి నన్నే చూస్తూ ఆగింది. దవడలు ఉబ్బి, ఒళ్లు పుల్లలా ఉంది. నాకు తెలియకుండానే డబ్బా మూత తీసేశాను. కిందటిసారి పోయిన గుడ్లు గుర్తొచ్చాయి. మూత బిగించి, డబ్బాను కుర్చీలో పెట్టి దాని మీదే కూర్చున్నాను.

అప్పుడే చేప గుటక వేసినట్టు కదిలింది. మళ్లీ మింగేసిందనుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి నల్లచారల పిల్ల ఒకటి బయట ఈదుతోంది, వెనకే ఇంకోటి. వెంటనే మనవరాలికి ఫోన్ చేశాను.

"వచ్చేస్తున్నాయే! ఇప్పుడైనా దీనికింత పెట్టనా?"

"దవడలు ఇంకా ఉబ్బి ఉన్నాయా?"

లేచి వెళ్లి చూశాను. ఉన్నాయి.

మళ్లీ వచ్చి డబ్బా మీద కూర్చున్నాను.