రెండో బ్రేకు

ఆమె పక్కన కూర్చుంటే డ్రైవింగు నేర్చుకుని రోడ్డెక్కినవాళ్లు వెయ్యిమందికి తక్కువ ఉండరు. పదహారేళ్లుగా అదే ఉద్యోగం. నేర్చుకునేవాళ్లు తడబడితే కారు ఆపడానికి ఆమె కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. దాన్ని రెండో బ్రేకు అంటారు. "మేడమ్ పక్కనుంటే గోడక్కూడా డ్రైవింగు వచ్చేస్తుంది" అని స్కూలు ఓనరు అందరికీ గొప్పగా చెప్పేవాడు. అలాంటి మేడమ్‌కి ఇప్పుడు కారెక్కాలంటే గుండె దడ.

జరిగింది చెప్పుకుంటే చిన్నదే. బేకరీ నడిపే ఒకాయన, యాభై దాటిన మనిషి, నాలుగో రోజు క్లాసులో మందుల షాపు మలుపు దగ్గర బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కాడు. ఎదురుగా ఒక తల్లి చంటిబిడ్డను పిల్లల తోపుడు బండిలో పెట్టుకుని రోడ్డు దాటుతోంది. మేడమ్ రెండో బ్రేకు బలంగా తొక్కింది. కారు జానెడు దూరంలో ఆగింది. ఎవరికీ గీత కూడా పడలేదు. ఆ తల్లి నోటికొచ్చినవన్నీ అనేసి వెళ్లిపోయింది. బేకరీ ఆయన మర్నాటి నుంచి క్లాసు మానేశాడు.

రెండు వారాలు బాగానే గడిచాయి. తర్వాత ఒక ఉదయం కారు తాళం తిప్పుతుంటే ఉన్నట్టుండి చేతులు చల్లబడ్డాయి. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంది. పోతున్నాననే అనుకుందామె. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, "గుండెకేం ఢోకా లేదమ్మా. ఇది ఆందోళన. రోజూ కాసేపు నడవండి, కాఫీ తగ్గించండి, వేళకు పడుకోండి. అప్పటికీ తగ్గకపోతే ఈవిడ దగ్గరికి వెళ్లండి" అని ఒక కౌన్సెలర్ నంబరు రాసిచ్చాడు.

ఆ సంగతి ఇంట్లో చెప్పడమే ఆమె చేసిన పొరపాటు.

భర్తది గడియారాలు బాగుచేసే పని. ఆయనకు దేనికైనా కొలత ఉండాలి. చేతిగడియారం ముందు పెట్టుకుని ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు. నాలుగు సెకన్లు ఊపిరి పీల్చాలి, ఏడు సెకన్లు బిగబట్టాలి, ఎనిమిది సెకన్లు వదలాలి.

"ఏవండీ, మీ ఏడు మరీ నిదానంగా ఉంది" అంది ఆమె, మొహం ఎర్రబడి.

"సెకను సెకనే కదా. నీకోసం వేరే సెకను ఎక్కణ్ణుంచి తేను?"

అత్తగారు ఊలు ఉండ, రెండు సూదులు తెచ్చి ఒళ్లో పడేశారు. చేతులకు పని ఉంటే మనసు ఊరుకుంటుందట. అల్లిక తప్పినప్పుడల్లా ఆవిడే లాక్కుని విప్పేస్తూ, "ఇంత కంగారైతే ఎలాగమ్మాయ్" అని విసుక్కునేవారు. ఆడపడుచు రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి, "వదినా, దాని గురించి ఆలోచించకు" అని గుర్తుచేసేది. అప్పటిదాకా మర్చిపోయి ఉన్నది కాస్తా ఫోన్ పెట్టగానే మళ్లీ మొదలయ్యేది. కాలేజీలో చదివే కూతురు ఫ్రిజ్ మీద కాగితం అంటించింది: కంగారొస్తే కళ్లకు కనిపించేవి ఐదు, చెవులకు వినిపించేవి నాలుగు చెప్పుకోవాలి. ఆమె చెప్పుకుంది. కనిపించినవి కడగని గిన్నెలు, మడతపెట్టని బట్టలు, భర్త విప్పి పడేసిన గడియారాలు. వినిపించినవి ఇంట్లోవాళ్లిచ్చే సలహాలు.

నెల తిరిగేసరికి ఆమెకు ఆందోళన కంటే దాన్ని తగ్గించుకునే పనే ఎక్కువైంది. డాక్టరు చెప్పిన నడక ఒక్కటే వీలుపడలేదు, ఎందుకంటే ఇవన్నీ చేసేసరికి టైము చాలేది కాదు.

సరిగ్గా అప్పుడే బేకరీ ఆయన తిరిగొచ్చాడు. మిగిలిన క్లాసులు పూర్తి చేస్తాడట.

"ఇంకెవరికైనా ఇవ్వండి సార్" అంది మేడమ్, ఓనరుతో.

"ఆయన మీరే కావాలంటున్నాడమ్మా. మీరైతేనే బ్రేకు వేస్తారట."

ఆమెకు ఒళ్లు మండింది. అయినా వెళ్లి కూర్చుంది. కాదంటే ఎందుకో చెప్పాలి, చెబితే ఓనరు కూడా ఓ సలహా ఇస్తాడు. మందుల షాపు దారి తప్ప ఇంకే దారైనా సరేననుకుని ఆయన్ను పెద్ద రోడ్డు మీదుగా తీసుకెళ్లింది. ఆయన సైకిళ్లు దాటిపోయేంత మెల్లగా నడిపాడు. అద్దంలోకి చూసుకోవడం, నుదురు తుడుచుకోవడం, మళ్లీ అద్దంలోకి చూసుకోవడం. మేడమ్ పళ్లు బిగించి ఓర్చుకుంది.

పెద్ద రోడ్డు మధ్యలో నీళ్ల గొట్టాల కోసం తవ్వేశారు. ఎర్రజెండా పట్టుకున్న కూలీ బళ్లన్నిటినీ పక్క వీధిలోకి మళ్లిస్తున్నాడు. ఆ వీధి తిన్నగా మందుల షాపు మలుపుకే పోతుంది. వెనక లారీ ఉంది. తిరిగి వెళ్లడానికి లేదు.

మలుపు దగ్గర ముందు బళ్లు ఆగాయి, మళ్లీ కదిలాయి. వీళ్ల కారు కదల్లేదు. ఆయన క్లచ్ వదిలాడు, ఇంజిను ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశాడు, మళ్లీ ఆగింది. మూడోసారీ అంతే. వెనక లారీ హారన్ మోత మొదలైంది.

"ఏం చేస్తున్నారండీ, క్లచ్ మెల్లగా వదలమని ఎన్నిసార్లు చెప్పాలి" అని అరిచిందామె.

ఆయన కిందికి వంగి చూసుకున్నాడు. "మేడమ్, నా బ్రేకు దానంతటదే కిందికి దిగి ఉందండి." తర్వాత ఆమె కాళ్లకేసి చూశాడు. "మీరు తొక్కి పట్టుకున్నారండి."

ఆమె చూసుకుంది. నిజమే. కుడికాలు రెండో బ్రేకును నేలకు అదిమి పట్టి ఉంది. ఎప్పుడు తొక్కిందో ఆమెకే తెలియదు. తీద్దామంటే కాలు మాట వినలేదు. గుండె దడదడలాడింది, చెవుల్లో హోరు, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి.

"తీయకండి" అన్నాడాయన. హ్యాండ్ బ్రేకు లాగాడు, గేరు న్యూట్రల్‌లోకి వేశాడు, నాలుగు లైట్లూ వెలిగేలా మీట నొక్కాడు. మొదటిరోజు ఆమె నేర్పిన వరసలోనే చేశాడు. "వాళ్లే పక్కనుంచి పోతారు."

"మీ వల్లే ఇదంతా" అంది ఆమె. ఒకసారి నోరు తెరిచాక ఇక ఆగలేదు. "మీరు కాలు తప్పు వేశారు, నేను నెలన్నరగా చస్తున్నాను. ఇంటికెళ్తే ఊపిరి పీల్చు, ఊలు అల్లు, ఆలోచించకు. నాకు భయంగా ఉంది అని నేను ఒక్కసారైనా పూర్తిగా చెప్పానా? చెప్పనిచ్చారా ఎవరైనా? ఆ బిడ్డ బండి మీద టోపీలా ఉండే కప్పు నీలం రంగు. కళ్లు మూస్తే అదే కనిపిస్తోంది. ఇంకో జానెడు, అంతే కదా."

ఆమె ఏడుస్తూనే తిట్టింది, తిడుతూనే ఏడ్చింది. లారీ పక్కనుంచి వెళ్లిపోయింది. డ్రైవరు వెళ్తూ ఏదో అన్నాడు, ఇద్దరూ పట్టించుకోలేదు.

"లోపల తెల్ల దుప్పటి" అన్నాడు బేకరీ ఆయన. "నాకు అది కనిపిస్తుందండి. పిండి కలుపుతుంటే ఏమీ ఉండదు. చెయ్యి ఖాళీ అయిందా, వచ్చేస్తుంది. మా ఆవిడ కారు మాటే ఎత్తొద్దంది. మానేస్తే తగ్గుతుందనుకున్నాను. ఇంకా ఎక్కువైంది."

ఆయన ఏ సలహా ఇవ్వలేదు. అద్దాలు కిందికి దించి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. మేడమ్ గుండె మరికాసేపు గంతులేసింది. ఆపాలని ఆమె దానితో పోట్లాడలేదు, అంత ఓపిక మిగల్లేదు. కాసేపటికి హోరు తగ్గింది. చేతులు వెచ్చబడ్డాయి. బ్రేకు మీద కాలు దానంతటదే వదులైంది. పదినిమిషాలు కూడా పట్టలేదని కారు గడియారం చూశాక తెలిసింది. ఇన్నాళ్లూ అది ఎప్పటికీ తగ్గదనుకుని, తగ్గేలోపే కారు దిగి పారిపోయేది.

"ఇక పోనివ్వండి" అంది ఆమె. "మెల్లగా. మరీ మీరు నడిపేంత మెల్లగా వద్దు."

ఆయన మలుపు తిప్పాడు. కాస్త వంకరగానే తిప్పాడు.

ఆ సాయంత్రం భర్త గడియారం తీయబోతుంటే ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. "ముందు నేను చెప్పేది వినండి. మధ్యలో ఏమీ చెప్పకండి." నీలం టోపీ దగ్గర్నుంచి అంతా చెప్పింది. వినడం ఆయనకు అలవాటు లేని పని. రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. చివరికి "ఇంత ఉందా లోపల" అన్నాడు. కౌన్సెలర్‌కి ఫోన్ ఆయనే కలిపిచ్చాడు.

అత్తగారు, ఆడపడుచు మారలేదు. వాళ్లను మార్చడం కౌన్సెలర్ వల్ల కూడా కాదు. మేడమ్ మాత్రం తెల్లవారగానే ఫోన్ ఇంట్లో పడేసి అరగంట నడిచి వస్తోంది. దడ పూర్తిగా పోలేదు. మొన్న సిగ్నల్ దగ్గర కొత్తగా చేరిన కాలేజీ అమ్మాయి పక్కనుండగా మళ్లీ వచ్చింది.

"పక్కకు తీసి ఆపమ్మా" అంది మేడమ్. "నాకు గుండె దడగా ఉంది. కాసేపట్లో తగ్గుతుంది."

ఆ అమ్మాయి కారు ఆపి, "హమ్మయ్య, నేనూ అదే అడుగుదామనుకుంటున్నా మేడమ్" అంది. ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.