ఉప్పు నీళ్ళు తాగిన చువ్వలు

అక్పెనే తన తమ్ముడి సంచిలో పెట్టినదాన్నే తీసి మళ్ళీ పెడుతోంది. మార్చుకునే చొక్కా, తువ్వాలు, ఆకులో చుట్టిన నాలుగు అబోలో రొట్టెలు, వేయించిన చిన్న చేపలు. సుత్తీ, ఉలీ తమ్ముడు దోత్సే స్వయంగా పెట్టుకున్నాడు. ఆమె వాటిని తీసి మంచం కిందికి విసిరేసింది. ఈ వాకిట్లోంచి భర్త వెళ్ళాడు, పెద్దకొడుకు వెళ్ళాడు; ఇద్దరూ మళ్ళీ రాలేదు. ఆ సంచులూ సర్దింది తనే.

“ఇటివ్వు దావీ,” అన్నాడు తమ్ముడు, అక్కను వాళ్ళ భాషలో పిలుస్తూ.

“ఎందుకు? ట్యాంకు నెత్తిన పడేదాకా చెక్కుతావా?”

సరస్సు అవతలి ఊళ్ళో, బడి పక్కనే ఉంది ఆ నీళ్ళ ట్యాంకు. దాన్ని మోసే నాలుగు స్తంభాలకూ ఆరేళ్ళ కిందట లోపలి ఇనుప చువ్వలు కట్టింది దోత్సేనే. ఇప్పుడా స్తంభాలు నిలువునా పగిలి, తుప్పు నీరు కారుస్తున్నాయని కబురొచ్చింది.

ఈ తీరాన మేస్త్రీలు సిమెంటు కలిపేముందు నీళ్ళు పుక్కిలించి ఉమ్ముతారు. ఉప్పగా ఉంటే డ్రమ్ము పారబోయాల్సిందే. ఆ రోజు దోత్సే ఉమ్మాడు. ఉప్పే. కాంట్రాక్టర్ గాగ్లో నవ్వేశాడు. “జింకు పూత పూసిన తెల్ల చువ్వకు ఉప్పేం చేస్తుందయ్యా?” అన్నాడు. తెల్లవి సగమే. మిగతావి మామూలు నల్ల చువ్వలు. రెండూ కలిపి కట్టమంటే దోత్సే కట్టాడు. ఆ ఉప్పు నీళ్ళతోనే కలిపిన పచ్చి సిమెంటులో తెల్ల చువ్వల చుట్టూ బుడగలు లేస్తుంటే, “తాగుతోంది, గట్టిపడుతుంది,” అని కూలీలు సంబరపడ్డారు. సిమెంటులోని క్షారపు ఘాటు జింకును కొరుకుతోందని దోత్సేకు తెలుసు. అది కాసేపే. ఆ తర్వాత ఆ ఘాటే ఇనుముకు కాపలా కాస్తుంది. ఉప్పు చేరితే కాపలా పోతుంది. జింకు, తనకు తగిలి ఉన్న నల్ల చువ్వల బదులు కూడా తానే అరిగి అయిపోతుంది. ఆపైన తుప్పు ఉబ్బి స్తంభాన్ని చీలుస్తుంది.

బయట హారను మోగింది. గాగ్లో బండి దిగి మేనత్త వరసతో పలకరించాడు.

“ఏం తాసీ, తమ్ముణ్ణి అత్తారింటికి పంపుతున్నావా?”

“నిన్ను పంపాల్సింది. ట్యాంకు ఖాళీ చేయించావా?”

“చేయిస్తే పిల్లలేం తాగుతారు? పగుళ్ళు చెక్కి పూత పూస్తే సరి. రెండు రోజుల పని.”

“నీళ్ళ బరువు మీదుండగా స్తంభం చెక్కాలా? అయితే నువ్వూ పక్కనే నిలబడు.”

“నాకు మీటింగుంది తాసీ.”

“ఉంటుంది. నీ ఒంటికి ఎండ తగలని మీటింగు ఎప్పుడూ ఉంటుంది.” ఆమె తమ్ముడివైపు తిరిగింది. “నువ్వేం తక్కువ? ఉప్పని తెలిసీ మూతి తుడుచుకున్నావు.”

దోత్సే తల దించుకున్నాడు. “అందుకే పోతున్నా దావీ. ఆ స్తంభాల మధ్యే పిల్లలు ఆడుకుంటున్నారట. ముందు తాడు కట్టి వాళ్ళని ఆపుతా. నీళ్ళు నేనే వదిలేస్తా, ఇతను వద్దన్నా సరే.”

గాగ్లో ఫోను చూసుకుంటూ వినబడనట్టు నిలబడ్డాడు. అక్పెనే మంచం కిందికి వంగి సుత్తీ, ఉలీ తీసిచ్చింది. తమ్ముడి ముఖం చూడలేదు.

మర్నాడు దోత్సే తాడు కట్టాడు. ట్యాంకు తూము మీట తుప్పుపట్టి తిరగక నీళ్ళు వదల్లేకపోయాడు. పగిలిన స్తంభానికి ఆసరాగా రెండో దుంగ పెడుతుండగా అది విరిగి ట్యాంకు కూలింది. పిల్లలంతా తరగతుల్లో ఉన్నారు.

దోత్సే తిరిగి రాలేదు. అది 2011 మార్చి పద్దెనిమిది, శుక్రవారం.