పన్నెండు చెంబుల నీళ్లు

చెంబు పోయిన రోజున దాన్ని ఎవరూ వెతకలేదు. ఆ రోజు నాన్నను కాటికి సాగనంపి వచ్చారు. ఇల్లంతా జనం. ఎవరు తీశారో, ఎక్కడ పెట్టారో.

నెల తిరిగాక అద్దకం దుకాణం తలుపు తీసినప్పుడుగాని పెద్దమ్మాయికి ఆ సొట్టల చెంబు లేదని తెలియలేదు. నాన్న పుస్తకంలో ప్రతి రంగుకూ నీళ్లు ఆ చెంబు లెక్కే. ముదురెరుపు: పావుకిలో పొడి, పన్నెండు చెంబుల నీళ్లు.

నాటకశాల తెరల్లో సగానికి నాన్నే రంగు వేసి వెళ్లాడు. మిగతా సగానికి అచ్చంగా అదే ఎరుపు రావాలి. రాకపోతే దుకాణం మూసేద్దామని బాబాయి అప్పుడే తాళంచెవి జేబులో వేసుకుని తిరుగుతున్నాడు.

"అది రెండు లీటర్ల చెంబే. చూస్తే తెలియట్లా?" అన్నాడు.

ఆమె నమ్మింది. ఇరవై నాలుగు లీటర్లు పోసి నమూనా గుడ్డ ముంచింది. గుడ్డ నాన్న ఎరుపు కంటే ఒక వన్నె పాలిపోయి తేలింది.

"ఎరుపు కాదే ఇది, తెలుపు సిగ్గుపడినట్టుంది."

"లెక్క చెప్పింది నువ్వే కదా బాబాయ్!"

"చెప్పా. నువ్వెందుకు విన్నావ్? మీ నాన్న నా మాట ఎప్పుడైనా విన్నాడా?"

మిగిలిన పొడి తెరలకు బొటాబొటిగా సరిపోతుంది. ఇంకో నమూనాకు చాలదు. ఆమె తక్కెడ పక్కన చతికిలబడింది. తక్కెడ కింద రెండు రాళ్లున్నాయి. చిన్నదానికి దారం చుట్టి ఉంది.

"ఈ రాళ్లెందుకమ్మా?"

టీ తెచ్చిన అమ్మ వంగి చూసింది. "చిన్నది చెంబుకి ధడా. ఉత్త చెంబుకి సరితూగేది. చెంబుకి సొట్ట పడ్డప్పుడల్లా మీ నాన్న దాని నిండా నీళ్లు పోసి, అటువైపు రెండు రాళ్లూ పెట్టేవాడు. ముల్లు నడుమ నిలిస్తే కొలత మారలేదన్నట్టు. తేడా వస్తే కూర్చుని సొట్ట తీసేవాడు. ఒట్టి చాదస్తం."

పెద్దమ్మాయి టీ గ్లాసు అందుకోలేదు. చిన్నరాయి చెంబు బరువైతే, పెద్దరాయి నీళ్ల బరువే. కిలో నీళ్లంటే లీటరు. ఇంకేం కావాలి?

పెద్దరాయిని పళ్లెంలో పెట్టింది. అటు కిలో, అరకిలో, పావుకిలో తూకం గుండ్లు వేసింది. ముల్లు నిలిచింది.

"పావు తక్కువ రెండు! చెంబుకి పావు లీటరు ఎక్కువ పోశానమ్మా. పన్నెండు చెంబులకీ కలిపి మూడు లీటర్లు! ఇరవై ఒకటే పోయాలి."

"రాయి చెప్పిందా?" అన్నాడు బాబాయి.

"నీకంటే నయంగా చెప్పింది."

ఉన్న పొడంతా, పావుకిలోకి ఇరవై ఒక్క లీటర్ల చొప్పున, తొట్టిలో కలిపింది. ఒక్కో తెరా ముంచి ఆరేసింది.

మర్నాడు నాటకశాల మేనేజరు పాత తెర ఒకటి పట్టుకొచ్చి, గుమ్మం వెలుగులో కొత్తదాని పక్కన పరిచాడు. తిరగేసి చూశాడు, మరగేసి చూశాడు.

"వీటిలో మీ నాన్నగారు వేసింది ఏదమ్మా?"

ఆమె వంగింది. అంచు అరుగుదల చూస్తేగాని ఆమెకూ తెలియలేదు. అమ్మ గట్టిగా నవ్వింది. నెల రోజుల్లో అదే మొదటిసారి.

బాబాయి తాళంచెవి తీసి తక్కెడ పళ్లెంలో పెట్టాడు. "నేను ముందే చెప్పలా?"

"ఏం చెప్పావు?"

"రెండు లీటర్లని!"

పెద్దమ్మాయి పుస్తకం తెరిచి, నాన్న అక్షరాలు కొట్టేయకుండా, పక్కన 'ఇరవై ఒక్క లీటర్లు' అని రాసింది. ఇంకా ముప్పై ఒక్క రంగులు చెంబుల లెక్కలోనే ఉన్నాయి.